గుమ్మం దాటగానే మారిన నెమలికంఠం

అమ్మకు నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి ఉంది. దానికి జాకెట్టు గుడ్డ కోసం పోయిన శ్రావణంలో విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళాం. కౌంటరులో కుర్రాడు చీర కొంగు ఒక మడత విప్పాడు. అరల్లోంచి తానులు దించి, ఒక్కో గుడ్డ కొసను దాని మీద పరిచి చూస్తూ, ఏడో గుడ్డ దగ్గర ఆగాడు. “ఇదిగోనమ్మా, కలిసిపోయింది” అన్నాడు. నిజంగానే కలిసిపోయింది. నెత్తి మీద వరుసగా వెలుగుతున్న ఎల్‌ఈడీ ట్యూబుల కింద చీర ఎక్కడ ఆగిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో నాకూ అక్కకూ తెలియలేదు. మీటరు కోయించుకుని వచ్చేశాం.

మర్నాడు పొద్దున బాల్కనీలో రెండూ పక్కపక్కన పెట్టి చూసి అక్క తల పట్టుకుంది. చీర నీలం వైపు వెళ్ళింది, గుడ్డ పచ్చ వైపు వెళ్ళింది. అమ్మ మాత్రం రెండింటినీ అటూ ఇటూ తిప్పి, “ఏం తేడా? ఒకటేగా!” అంది. అమ్మ మాటకు మళ్ళీ వస్తాను.

ఆ సాయంత్రమే అక్క నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. గల్లాపెట్టె దగ్గరున్న పెద్దాయన వాదించలేదు. రెండూ తీసుకుని మెట్లు దిగి, ఫుట్‌పాత్ మీద ఇంకా మిగిలిన వెలుతురులో ఒక్కసారి చూసి తిరిగొచ్చాడు. “గుమ్మం దాటి చూపించమని మా కుర్రాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా వినరమ్మా. లైటు కింద కలిసింది ఎండలో కలవదు. కోసిన గుడ్డ వెనక్కి తీసుకోలేను, ఏమనుకోకండి” అన్నాడు. బట్టల వ్యాపారంలో తలలు పండినవాళ్ళందరికీ తెలిసిన ఈ ముక్కలో రంగుల శాస్త్రం చాలావరకు ఇమిడి ఉంది. ఇంట్లో మనం పెట్టుకునే బల్బులకూ, మన నిద్రకూ, పిల్లల కళ్ళకూ ఉన్న సంబంధం కూడా ఈ దారిలోనే తగులుతుంది.

రంగు గుడ్డలోనే ఉందనుకుంటాం. గుడ్డలో ఉన్నది ఒక అలవాటు మాత్రమే: తన మీద పడిన కాంతిలో కొన్ని తరంగాలను మింగేసి మిగిలినవాటిని వదిలేయడం. దీపంలో అసలు లేని తరంగాన్ని మామూలు రంగు గుడ్డ ఏదీ తిప్పి పంపలేదు. అలా తిరిగొచ్చిన కాంతిని పగటిపూట మన కన్ను మూడు రకాల శంకు కణాలతో కొలుస్తుంది. ఒక రకం పొట్టి తరంగాలకు, ఒకటి మధ్యస్థ తరంగాలకు, మరొకటి పొడుగు తరంగాలకు ఎక్కువగా స్పందిస్తాయి. ఏ తరంగం ఎంత వచ్చిందన్న వివరం మెదడుకు చేరదు. మూడు మొత్తాలు మాత్రం చేరతాయి.

ఎంవీపీ కాలనీ రైతుబజారుతో పోల్చి చెబుతాను. మీ సంచిలో వంకాయలూ బెండకాయలూ ఉన్నాయి, నా సంచిలో దొండకాయలూ టమాటాలూ ఉన్నాయి. ఈ రోజు ధరల బోర్డు ప్రకారం ఇద్దరికీ వంద రూపాయలే అయింది. బిల్లు మాత్రమే చూసేవాడికి రెండు సంచులూ ఒకటే. రేపు బోర్డు మారుతుంది, టమాటా పెరుగుతుంది. అవే కూరలు, అవే సంచులు, కానీ బిల్లులు వేరు. కంటికి అందేది బిల్లే. దీపం ధరల బోర్డు. చీర, జాకెట్టు గుడ్డ రెండు సంచులు. కొట్టులోని బోర్డు ప్రకారం సమానమైన మొత్తాలు మా బాల్కనీ బోర్డు ప్రకారం విడిపోయాయి. శాస్త్రజ్ఞులు దీన్ని మెటామెరిజం అంటారు. పట్టుకు వేసే రంగులు ఒక జాతివి, నూలుకు వేసేవి మరో జాతివి కాబట్టి పట్టుచీర, నూలు జాకెట్టు దగ్గర ఈ చిక్కు తరచుగా వస్తుంది. ఒకే తానులోంచి కోసిన రెండు ముక్కలకు ఈ బెడద ఉండదు. వాటి సంచుల్లో ఉన్నది ఒకే సరుకు.

ఇక దీపం లోపల ఏముందో చూడాలి. పాత ఫిలమెంటు బల్బు కాగిపోయిన తీగ. అందులో ఎరుపు దండిగా, నీలం తక్కువగా ఉంటుంది, కానీ మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండదు. తెల్ల ఎల్‌ఈడీ నిర్మాణం వేరు. సాధారణంగా దాని లోపల ఉండేది, తరంగం పొడవు సుమారు 450 నానోమీటర్లుండే నీలి కాంతినిచ్చే చిప్పు. దాని మీద పసుపుపచ్చని ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలంలో కొంత ఆ పూతలో పడి పసుపు కాంతిగా మారుతుంది, కొంత అలాగే బయటపడుతుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపుగా తోస్తాయి. ఈ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎల్‌ఈడీ చేసిన మేలును సందేహించడానికి ఏమీ లేదు. కరెంటు బిల్లే సాక్ష్యం.

అయితే ఆ తెలుపు అతుకుల తెలుపు. 450 దగ్గర నీలం గోపురంలా లేస్తుంది, 480 దగ్గర లోయలా దిగుతుంది, పచ్చ నుంచి నారింజ దాకా గుట్టలా పరుచుకుంటుంది, ముదురు ఎరుపు దగ్గర నీరసించిపోతుంది. నెమలికంఠం రంగు ఉండేది సరిగ్గా ఆ లోయ చుట్టుపక్కలే, నీలానికీ పచ్చకూ మధ్య. ఆ తరంగాల దగ్గర మా చీరకూ గుడ్డకూ ఉన్న తేడాను చూపించడానికి కొట్టులోని ట్యూబులలో సరుకు చాలలేదు. పొద్దుటి వెలుతురులో అది నిండుగా ఉంది. ఈ 480 అంకెను గుర్తుపెట్టుకోండి, దీనితో ఇంకా పెద్ద పని ఉంది.

రంగులను దీపం ఎంత నమ్మకంగా చూపుతుందో చెప్పడానికి సీఆర్‌ఐ అనే కొలత ఉంది. నూరు మార్కులకు లెక్క. ఫిలమెంటు బల్బుకు దాదాపు నూరూ వస్తాయి. మార్కెట్లో దొరికే మామూలు ఎల్‌ఈడీలు 80 దగ్గర ఉంటాయి. ఎనభై అంటే ఫస్టు క్లాసే కదా అనిపిస్తుంది. ఆ మార్కులు ఎనిమిది లేత రంగుల నమూనాలపై తీసిన సగటు. ముదురు ఎరుపు ఆ పరీక్షలో లేదు. దానికి ఆర్9 అని విడిగా మార్కులు వేస్తారు. ఎనభై తెచ్చుకున్న బల్బుకు ఆర్9లో సున్నాకు దగ్గరగా రావచ్చు, సున్నా కిందికీ పోవచ్చు. లెక్కల్లో తప్పినా మొత్తం మీద ఫస్టు క్లాసు వచ్చిన విద్యార్థిలాంటిదన్నమాట.

ముదురు ఎరుపు మనకు అక్కరకు రానిదా? మనిషి చర్మం కింద పారే రక్తం ఎరుపు. కుంకుమ, పండుమిరపకాయ, మాంసం ఎరుపు. చేప మొప్పలు ఎరుపు. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళి చేపలు కొనేవాళ్ళను గమనించండి. వంజరం తల పక్కన మొప్ప మూతను బొటనవేలితో ఎత్తి చూస్తారు. రక్తంలా మెరిస్తే తాజా, ఇటుకపొడిలా వెలిస్తే పాతది. ఎరుపు కరవైన తెల్లలైటు కింద తాజా మొప్ప కూడా కాస్త పాలిపోయినట్టే ఉంటుంది. ఎరుపు దట్టించిన దీపం కింద నిన్నటి మొప్ప ఈ రోజుదిగా చెలామణి అవుతుంది. మాంసం కొట్లలో ఎర్రటి దీపాలు, కూరల బండ్ల మీద ఎర్ర టార్పాలిన్లు ఊరికే కట్టరు. ఎండ ఆ గుడ్డ గుండా దిగి టమాటాలను మరింత పండినట్టు చూపిస్తుంది. హార్బర్‌లో అనుభవమున్న ఆడవాళ్ళు మొప్ప ఒక్కటే చూసి ఊరుకోరు. చేప కన్ను తేటగా ఉందో లేదో చూస్తారు, పొట్ట మీద వేలితో నొక్కుతారు, వాసన చూస్తారు. దీపం వేలినీ ముక్కునూ మోసం చేయలేదు.

బల్బు డబ్బా మీద ఉండే 2700కె, 4000కె, 6500కె అంకెల సంగతి సీఆర్‌ఐతో సంబంధం లేనిది. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. ఈ అంకె తెలుపు ఏ ఛాయలో ఉందో మాత్రమే చెబుతుంది. కె అంటే కెల్విన్, వేడి కొలత. కాగిన వస్తువు రంగుతో పోల్చి పెట్టిన అంకె అది. విశాఖ ఉక్కులో పనిచేసినవారికి దీన్ని విడిగా చెప్పనక్కర్లేదు. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిమి నుంచి పారే ద్రవ ఇనుము పసుపు కలిసిన తెలుపులో కళ్ళు చెదరగొడుతుంది. చల్లారేకొద్దీ నారింజకు, తర్వాత ఎరుపుకు దిగుతుంది. ఎరుపు తక్కువ వేడి, తెలుపు ఎక్కువ వేడి, ఇంకా పైకి పోతే నీలం ఛాయ. ఫిలమెంటు తీగ సుమారు 2700 కెల్విన్లు, సూర్యుడి ఉపరితలం సుమారు 5800. అందుకే పసుపు బల్బుకు చిన్న అంకె, నీలి తెలుపుకు పెద్ద అంకె. మనం మాత్రం పసుపును వెచ్చన, తెలుపును చల్లన అంటాం. కొలిమి భాష ఒకటి, కొట్టు భాష ఇంకొకటి.

ఉక్కపోతకు అలవాటుపడ్డ ఊరు కదా, విశాఖలో తెల్లలైటు చల్లగా ఉంటుందన్న నమ్మకం గట్టిగా ఉంది. నా అనుమానం, మన తెల్లలైటు మోజుకు ఇంకో కారణం కూడా ఉంది. ఓల్టేజీ పడిపోయి ఫిలమెంటు బల్బు పసుపుపచ్చగా మూలుగుతూ వెలిగిన రోజులను మన పెద్దవాళ్ళు మరిచిపోలేదు. పసుపు వెలుగంటే గుడ్డిదీపం, ట్యూబులైటు అంటే కలిగిన ఇల్లు. తర్వాత 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచింది. పథకం కోసం కొనే ధర 2014లో బల్బుకు 310 రూపాయలుంటే 2016 నాటికి 38కి దిగింది. ఆ బల్బులు చల్లని తెలుపువే. హుద్‌హుద్ తుపాను తర్వాత వీధుల్లోని నారింజ రంగు సోడియం దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. సోడియం దీపాల కింద స్కూటర్లన్నీ ఒకే బురద రంగులో కనబడేవి. ఆ బాధ తప్పిందని ఒప్పుకోవాలి. మొత్తానికి పదేళ్ళలో మన రాత్రులు నారింజ నుంచి నీలి తెలుపులోకి మారిపోయాయి, ఎవరూ పెద్దగా గమనించకుండానే.

గమనించకపోవడానికి కారణం మెదడే. ఒక దీపం కింద కొంతసేపు కూర్చుంటే మెదడు ఆ దీపం ఛాయను లెక్కలోంచి తీసేస్తుంది. రాత్రి ఎనిమిదికి బీచ్‌రోడ్డు మీద నిలబడి అపార్టుమెంట్ల వైపు తలెత్తి చూడండి. ఒక కిటికీ పాలనీలం, పక్కది తేనెరంగు, పైది ఆకుపచ్చ కలిసిన తెలుపు. ఆ గదుల్లో ఉన్న ఎవరిని అడిగినా మాది మామూలు తెల్లలైటే అంటారు. తెల్లకాగితం వాళ్ళందరికీ తెల్లగానే ఉంటుంది. ఈ సర్దుబాటు లేకపోతే గది మారినప్పుడల్లా మన ఇంట్లోవాళ్ళ మొహాలు పోల్చుకోవడానికే తడుముకునేవాళ్ళం. కానీ ఈ సర్దుబాటు ఛాయను మాత్రమే సరిచేయగలదు. దీపంలో లేని తరంగాన్ని మెదడు పుట్టించలేదు.

శరీరంలో ఈ సర్దుబాటుకు లొంగని భాగం ఒకటుంది. కంట్లో శంకు కణాలు, చీకట్లో పనిచేసే దండ కణాలు మాత్రమే కాంతిని పట్టుకుంటాయని నూరేళ్ళకు పైగా పాఠాలు చెప్పారు. 1995లో అమెరికాలో చార్లెస్ జైస్లర్ బృందం ఒక విచిత్రాన్ని ప్రచురించింది. చూపు పూర్తిగా పోయిన కొందరిలో, రాత్రి కంటిమీద ప్రకాశవంతమైన వెలుగు పడగానే నిద్రవేళ హార్మోను మెలటోనిన్ తగ్గిపోయింది. వాళ్ళకు దీపం కనబడలేదు, వాళ్ళ శరీరానికి మాత్రం తెలిసింది. 1998లో ఇగ్నేషియో ప్రొవెన్సియో కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే కొత్త వర్ణకాన్ని గుర్తించాడు. అది మనిషి కంటి వెనక పొర అయిన రెటీనాలోనూ ఉందని తర్వాత తేలింది. 2002లో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల రెటీనాలో ఈ వర్ణకంతో స్వయంగా కాంతిని పట్టే కణాలను చూపించింది. అవి బొమ్మను చూపించడానికి పుట్టినవి కావు. పొద్దెంతయిందో మెదడు అడుగున ఉన్న శరీర గడియారానికి చేరవేయడం వాటి ముఖ్యమైన పని. అవి బాగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గర.

అదే 480. జాకెట్టు గుడ్డను మార్చేసిన తరంగాలే పొద్దును కూడా చెబుతాయి. మధ్యాహ్నపు ఆకాశంలో అది పుష్కలం, సూర్యాస్తమయంలో తక్కువ, నూనె దీపంలో మరీ తక్కువ. ఎల్‌ఈడీకి అక్కడ లోయ ఉంది కదా, అయితే రాత్రి ఇబ్బంది లేదనుకోకండి. ఆ కణాలు 480 దగ్గర ఆగిపోవు, 450 దగ్గరి నీలి గోపురాన్ని కూడా గట్టిగానే అందుకుంటాయి. కంటికి ఒకే వెలుగుగా తోచే రెండు బల్బుల్లో 6500కె బల్బు ఈ గడియారం మీద చూపే ప్రభావం 2700కె బల్బు కన్నా సుమారు రెట్టింపు ఉంటుంది.

ఎంత వెలుతురు ఎప్పుడు కావాలో 2022లో ఈ రంగంలోని శాస్త్రజ్ఞులు కలిసి ఒక సిఫారసు ఇచ్చారు. వెలుతురును కొలిచేది లక్సులలో. మెలనాప్సిన్ స్పందన ప్రకారం తూచిన లక్సులలో, కంటి దగ్గర కొలిస్తే, పగలు కనీసం 250 ఉండాలి. పడుకునే ముందు మూడు గంటలు 10కి మించకూడదు. నిద్రలో 1కి మించకూడదు. ఇప్పుడు మామూలు ఫ్లాటు సంగతి చూద్దాం. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుందని, ఏసీ చల్లదనం పోతుందని, ఎదురింటివారు చూస్తారని కిటికీలు మూసి, తెరలు దించి ఉంటాయి. మధ్యాహ్నం హాల్లో కంటికి చేరేది వంద లక్సులు కూడా ఉండకపోవచ్చు. తెర అవతల మబ్బు పట్టిన రోజైనా పదివేల లక్సులుంటాయి, ఎర్రటి ఎండలో లక్ష. రాత్రి అదే హాల్లో 6500కె ట్యూబులు రెండు వెలిగితే కంటికి ఎనభై, వంద. తూచి చూస్తే పది అనే గీతకు ఎనిమిది రెట్లు. అంటే ఆ హాలు మన శరీరానికి పగలును సంధ్యగా, రాత్రిని కూడా సంధ్యగానే చూపిస్తోంది. పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఒకటే సంధ్య. నిద్ర పట్టడం లేదంటే ఎందుకు పడుతుంది మరి!

ఈ విషయంలో విశాఖకు ఒక అదృష్టం ఉంది, మనం వాడుకోవడం లేదు. దేశమంతటికీ గడియారం నడిపే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర్లో వెళుతుంది. విశాఖ దానికి ఒక డిగ్రీ కూడా దూరం లేదు. అందుకే ఇక్కడ గోడ గడియారం, ఆకాశం దాదాపు ఒకే మాట మీద ఉంటాయి. సగటున మిట్టమధ్యాహ్నం పన్నెండుకు మూడు నిమిషాల ముందే వస్తుంది. గుజరాత్ పడమటి కొసలో ఇది సుమారు గంట వెనక్కి జరుగుతుంది. పైగా మన సముద్రం తూర్పున ఉంది. జూన్‌లో ఐదున్నరకు ముందే సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. పొద్దున అరగంట బీచ్‌లో నడిచేవారికి దొరికే వెలుతురును గదిలో ఏ బల్బుతోనూ కొనలేం. పొద్దున కడుపునిండా వెలుతురు తిన్న శరీరం రాత్రి దీపాన్ని కొంతవరకు తట్టుకోగలదని కూడా పరిశోధనలు చెబుతున్నాయి.

ఇదే సూర్యోదయం మా బాబాయికి శత్రువు. ఉక్కు కర్మాగారంలో సి షిఫ్టు రాత్రి పదికి మొదలై పొద్దున ఆరుకు ముగుస్తుంది. ఎండాకాలంలో ఆయన గేటు దాటేసరికి ఎండ మొహం మీద కొడుతుంది. పడుకోవలసిన శరీరానికి ఆ వెలుగు ‘తెల్లారింది, లే’ అని చెబుతుంది. ఆయన ఏళ్ళ తరబడి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చి, దుప్పటి మడిచి కిటికీకి కట్టి పడుకునేవాడు. పిన్ని వెక్కిరించేది గానీ, ఇప్పుడు నిద్ర వైద్యులు షిఫ్టు పనివాళ్ళకు చెప్పేది కూడా అదే. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ వర్గంలో చేర్చి, 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఆ మాట ఏళ్ళ తరబడి రాత్రంతా పనిచేసేవారి గురించి. పది గంటలకు ట్యూబులైటు కింద అన్నం తిన్నవాళ్ళు దాన్ని తమకు అన్వయించుకుని భయపడనక్కర్లేదు.

భయం అనేసరికి నీలికాంతి కళ్ళద్దాలు గుర్తొస్తాయి. ద్వారకానగర్‌లో కళ్ళద్దాల కొట్టుకు వెళితే పవర్ చెప్పకముందే ‘బ్లూ కట్ వేయమంటారా?’ అని అడుగుతున్నారు. 2023లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను పరిశీలించి, కంప్యూటర్ ముందు కంటి అలసటను ఇవి స్వల్పకాలంలో తగ్గిస్తాయనడానికి ఆధారం కనబడలేదని తేల్చింది. ఫోను నుంచీ ఇంటి బల్బు నుంచీ వచ్చే నీలం రెటీనాను కాల్చేస్తుందన్న ప్రచారం కూడా అతిశయోక్తే. ఆకాశం నుంచి కంటికి చేరే నీలం ముందు అది ఏపాటిది? 2015లో వచ్చిన ఒక ప్రయోగంలో పడుకునే ముందు నాలుగు గంటలు వెలిగే తెర మీద చదివినవారికి, అచ్చు పుస్తకం చదివినవారికన్నా నిద్ర సుమారు పది నిమిషాలు ఆలస్యంగా పట్టింది. పది నిమిషాలు లెక్కలోకి వస్తాయి, కానీ ఇంట్లో గొడవలు పడేంత కాదు. ఫోను నిద్రను చెడగొట్టేది ఎక్కువగా అందులోని విషయంతో. నెత్తి మీద రెండు ట్యూబులు వెలిగించుకుని ఫోనులో మాత్రం పసుపు తెర పెట్టుకోవడం, చిల్లు కుండకు మూత వెతకడంలా ఉంటుంది.

నా దృష్టిలో భయపడవలసినదంటూ ఉంటే అది పిల్లల విషయంలో పగటి వెలుతురు కరవు. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి పిల్లలకు రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్ళు గమనించారు. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా, దూరం మసకగా కనబడే హ్రస్వదృష్టి వస్తే, బయట తిరిగినవారిలో 30.4 శాతానికే వచ్చింది. బయటి వెలుతురులో రెటీనా డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుందని, అది కనుగుడ్డు పొడవు పెరగడాన్ని అదుపులో పెడుతుందని ఎక్కువమంది నమ్ముతున్న వివరణ.

ఇంకో బెడద కంటికి తెలియనిది, తలకు తెలిసేది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో నడుస్తుంది కాబట్టి నాసిరకం దీపం సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. అది మిణుకుగా కనబడదు. 1989లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో పాత చోకు ట్యూబులను ఎక్కువ వేగంతో నడిచే చోకులకు మార్చి చూస్తే తలనొప్పులు సగానికి తగ్గాయి. లోపలి కెపాసిటరు దగ్గర పైసలు మిగుల్చుకున్న చౌక ఎల్‌ఈడీలు ఆ పాత రోగాన్ని మళ్ళీ తెచ్చాయి. కనిపెట్టడానికి పరికరాలు అక్కర్లేదు. దీపం కింద పెన్ను పట్టుకుని వేగంగా అటూ ఇటూ ఊపండి. మసకగా ఒకే పొరలా కనబడితే మంచిది. విడివిడిగా పది పెన్నులు విసనకర్రలా కనబడితే ఆ బల్బును చదువుకునే బల్ల మీద నుంచి తీసేయండి. మా ఇంట్లో ఈ పరీక్షలో రెండు బల్బులు తప్పాయి. ఒకటి వరండాకు, ఒకటి సామాన్ల గదికి బదిలీ అయ్యాయి.

రంగు, ఆరోగ్యం ఒకే చోట కలుసుకునేది పురిటి గదిలో. అక్కకు కూతురు పుట్టినప్పుడు మూడో రోజున నర్సు వచ్చి, కామెర్లున్నాయో లేదో చూడడానికి బిడ్డను పసుపు బల్బు కింద నుంచి ఎత్తి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలింది. నొక్కిన చోట రక్తం తప్పుకుని అసలు రంగు బయటపడుతుంది. పసుపు బల్బు కింద కామెర్లు లేని బిడ్డ ఉన్నట్టుగా, కొన్ని లైట్ల కింద ఉన్న బిడ్డ లేనట్టుగా కనబడవచ్చు. కిటికీ వెలుతురులో కూడా కంటి అంచనాను వైద్యులు పూర్తిగా నమ్మరు. కామెర్ల పసుపుకు కారణమైన బిలిరుబిన్ ఎంతుందో రక్తపరీక్షలో చూసే నిర్ణయిస్తారు.

పసికామెర్ల చికిత్స కథ కూడా వెలుతురు కథే. 1950లలో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ నెలలు నిండని పిల్లలను ఎండవేళ ఆవరణలోకి తీసుకెళ్ళేది. ఒక బిడ్డ ఒళ్ళంతా తేటపడి, ఒక్కచోట మాత్రం త్రికోణంగా ముదురు పసుపు మిగిలింది. అక్కడ దుప్పటి అంచు కప్పుకుని ఉందట. ఎండ తగిలిన చోట కామెర్లు విరిగాయి. అందులో పనిచేసింది ముఖ్యంగా నీలి కాంతి అని తర్వాత తెలిసింది. ఈ రోజు పసిపిల్లల వార్డుల్లో నీలంగా వెలిగే పెట్టెలు 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య కాంతినిస్తాయి. రాత్రిపూట మనం తిట్టుకునే నీలమే అక్కడ మందు. అలాగని బిడ్డను ఎండలో పడుకోబెట్టడం చికిత్స కాదు. ఎంత మోతాదు పడుతోందో తెలియదు, లేత చర్మం కమిలిపోతుంది.

మా ఇంట్లో ఏం మార్చామంటే, పెద్ద ఖర్చేమీ పెట్టలేదు. హాల్లో ట్యూబులు అలాగే ఉన్నాయి, పగలు చీకటిగా ఉంటే వేస్తాం. రాత్రి ఎనిమిది తర్వాత గోడవారన 2700కె దీపం ఒక్కటే వెలుగుతుంది. వంటగదిలోనూ, అద్దం దగ్గరా సీఆర్‌ఐ 90 దాటిన బల్బులు పెట్టాం. ఆర్9 ఎంతో డబ్బా మీద ఉన్న రకాన్నే ఏరుకున్నాను. కొట్టులో అడిగితే ‘వాట్లు చెప్పండి సార్’ అన్నారు, ఓపిక పట్టాలి. అమ్మ గది నుంచి స్నానాలగది దాకా నేలకు దగ్గరగా చిన్న తేనెరంగు దీపాలు పెట్టాం. అర్ధరాత్రి లేస్తే దారి కనబడుతుంది, నిద్ర చెదరదు. పగలు మాత్రం అమ్మ కుర్చీని బాల్కనీ తలుపు పక్కకు జరిపాం. 20 ఏళ్ళ కంటితో పోలిస్తే 60 ఏళ్ళ కంటి రెటీనాకు చేరేది సుమారు మూడో వంతు వెలుతురే. వయసుతో కంటిపాప కుంచించుకుపోతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. ఆ పసుపు కటకం ముందుగా అడ్డుకునేది నీలాన్ని. చిత్రకారుడు క్లాడ్ మొనే 1923లో శుక్లం తీయించుకున్నాక లోకం మరీ నీలంగా ఉందని గొడవపెట్టాడు.

అమ్మకు కార్తీకంలో ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన మర్నాడు గోడకు ఎదురుగా కూర్చుని ఒక కన్ను మూసి ఒకటి, ఒకటి మూసి ఒకటి తెరుస్తూ ఆడుకుంది. ఎడమకంటికి సున్నం కొట్టిన గోడట, కుడికంటికి పసుపునీళ్ళు చల్లిన గోడట. అక్క ఊరుకుంటుందా! బీరువాలోంచి నెమలికంఠం చీరనూ, అప్పటికే కుట్టించేసిన జాకెట్టునూ తెచ్చి బాల్కనీ వెలుతురులో ఆమె ఒళ్ళో పెట్టింది.

అమ్మ కుడికన్నుతో చూసింది. “ఒకటే” అంది. ఎడమకన్నుతో చూసింది. కాసేపు మాట్లాడలేదు. జాకెట్టు చెయ్యిని చీర అంచు మీదకు లాగి మళ్ళీ చూసింది.

“కుడికన్ను ఎప్పుడన్నారు?”

“సంక్రాంతి వెళ్ళాక” అన్నాను.

“అయితే ఈ లోపే ఒకసారి కట్టేసుకుంటాను” అని చీర మడత పెట్టింది.